నలువది రెండవ బిడ్డ



పరోపకారము పుణ్యకార్యమని మనమందరము ఊయలనాటినుండి వినుచున్నాము గాని, ఆ పుణ్యమును సంపాదింప బయలుదేరినవానికి త్రోవలో ఎదురగు అవస్థలనుగూర్చి మనల నెవ్వరును హెచ్చరించినవారు లేరు. దానము పట్టువాని దైన్యమును వర్ణించిన కవులు మనకు కావలసినంతమంది కలరు. దానమును మూటగట్టుకొని, సముద్రము దాటి, పుచ్చుకొనువానికి తీరిక ఎప్పుడు చిక్కునా యని ఎండలో గొడుగు వేసికొని నిలుచుండు దాతయొక్క దైన్యమును వర్ణించినవాడు నాకు కనబడలేదు. ఆ కొరతను స్వానుభవముతో కొంత తీర్చుటకే ఈ సాయంకాలము మీ ముందునకు వచ్చితిని.

నేను అనంతపురము జిల్లాలో 34 ఏండ్లు లెక్కలు చెప్పి ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయుడను. బడి మానినను బడిపంతులుతనము మానదు గనుక, పాలు పోయవచ్చినవానికి భిన్నములును, చీటీపాట కట్టవచ్చిన పొరుగింటియామెకు వడ్డీ లెక్కలును బోధించుచు కాలక్షేపము చేయుచుండగా, టాంజానియాలోని దారెస్సలాము నగరమున ఉద్యోగము చేయు నా పూర్వశిష్యుడొకడు సెలవులకు వచ్చి, "సార్, అక్కడ లోపలి పల్లెలో దిక్కులేని పిల్లల మిషను ఒకటి ఉంది. లెక్కలు చెప్పేవాళ్ళు లేరు. మూడు నెలలు వచ్చి పోతారా?" అని యడిగెను. ఆలోచించి చెప్పెదనని నేను నోరు తెరచులోపలనే మా ఇంటియామె, "ఎందుకు రారు నాయనా, తప్పకుండా వస్తారు" అని మాట ఇచ్చివేసెను. పాలవానికి ఆమె చేసిన ఉపకార మది.

ప్రయాణమునకు ముందు నెలదినములు నేను గ్రాఫుకాగితముపై 90 దినముల పాఠప్రణాళికను గీసితిని. ఏనాడు ఏ గంటకు ఏ పాఠము, ఏ పక్షము చివర ఏ పరీక్ష, పరీక్ష తప్పినవారికి ఏ వేళ మరల బోధన యని ఎఱ్ఱసిరాతోను నీలిసిరాతోను నిండిన ఆ కాగితమును చూచుకొని నాకే ముచ్చట కలిగెను. మా ఇంటియామె తన వంతుగా రెండు కిలోల చింతపండు గింజలు తీసి, ఈనెలు తీసి, ఉప్పు చల్లి ముద్దలు కట్టి, "ఆ ఎండమావుల దేశంలో పులుపు యాడ దొరుకుతుంది?" అని పెట్టె అడుగున సర్దెను. దారెస్సలాము విమానాశ్రయమున పెట్టె విప్పించిన అధికారి ఆ ముద్దను వాసన చూచి, "ఉక్వాజు!" అని పెద్దపెట్టున నవ్వి, తోటివారిని పిలిచి చూపెను. ఆ నవ్వునకు అర్థము మిషను ఆవరణములో పిల్లలు కూర్చుండు చెట్టు క్రిందికి పోయి తల పైకెత్తినప్పుడుగాని నాకు తెలియలేదు. ఆ ఆకు, ఆ బెరడు, ఆ గుత్తులు మా ఊరి చెరువుగట్టుమీద ఉన్నవే. అది చింతచెట్టు. తరువాత విచారింపగా చింతకు పుట్టినిల్లే ఆఫ్రికాఖండమని తెలిసెను. చారులోను పులుసులోను పులిహోరలోను పిసికి పిసికి మనదే యనుకొన్న ఆ పండును, దాని పుట్టింటికే నేను పెట్టెలో బెట్టి, అదనపు బరువునకు రుసుము చెల్లించి మోసికొనిపోయితిని.

ఆ పల్లె డొడోమా ప్రాంతమున, కొంగ్వా యను ఊరికావల, గోగోజాతివారు పశువులను మేపుకొను మెట్టభూములలో నున్నది. 1973లో రాజధానిగా నిర్ణయింపబడిన డొడోమాకు, పూర్వమొక ఏనుగు అక్కడి నీటిపట్టున దిగబడి మునిగిపోవుటచేత ఆ పేరు వచ్చినదని స్థానికులొక కథ చెప్పుదురు. ఏనుగంతటిది మునిగినచోట గ్రాఫుకాగిత మెంత? ఐనను నాకప్పుడట్లు తోచలేదు. ఎఱ్ఱని నేల, ముళ్ళపొదలు, ఎముకలు లెక్కపెట్టదగిన ఆవులు, డిసెంబరు మొదలు ఏప్రిలు వరకు కురిసిన కురియునట్టి, లేకున్న లేనట్టి ఒకేయొక వర్షఋతువు. ఇవి చూచి అనంతపురమువాడ నగుటచే నాకు ప్రాణము లేచివచ్చెను. గోలకొండ కోటవద్ద హతియాన్ ఝాడ్ అను పేర మనవారు వింతగా చూపు ఏనుగుకాళ్ళ బావోబాబు మాను అక్కడ మన తుమ్మచెట్టువలె అడుగడుగునను నిలిచియుండును.

ఈ కొంగ్వాకు లోకోపకార చరిత్రలో ఒక స్థానము కలదు. 1947లో బ్రిటిషు ప్రభుత్వము, తమ దేశపు నూనె కొరతను తీర్చుకొనుటయు ఆఫ్రికావారిని ఉద్ధరించుటయు ఒక్కదెబ్బకు సాధింపదలచి, ఇక్కడ లక్షలాది ఎకరములలో వేరుశెనగ పండింప సంకల్పించెను. యుద్ధములో మిగిలిన ట్రాక్టర్లు వచ్చెను. చాలనిచో ట్యాంకులను ట్రాక్టర్లుగా మార్చిరి. బావోబాబు మానులు వానిని లెక్కచేయలేదు. వానలు వారి పటముననుసరించి కురియలేదు. తడిసినప్పుడు బంకయు ఎండినప్పుడు ఇటుకయు నగు ఆ నేల, తన కడుపున పండిన కొద్దిపాటి కాయలనైనను పైకి రానీయలేదు. సుమారు 3 కోట్ల 60 లక్షల పౌండ్లు నేలపాలు చేసి 1951లో ఆ పథకమునకు స్వస్తి చెప్పిరి. నేల బిగిసిన తరువాత శెనగచెట్టు పెరికిన, చెట్టు చేతికి వచ్చి కాయ భూమిలోనే నిలిచిపోవునని చెప్పుటకు మా ఊరి కూలియామె చాలును. అట్టి ఇల్లాలు అక్కడను ఉండియే యుండును. ఆమె నడుగవలెనని మాత్ర మెవ్వరికిని తోచలేదు. ఈ కథ విని నేను కడుపుబ్బ నవ్వితిని. నా గ్రాఫుకాగితము అప్పటికి నా జేబులోనే భద్రముగా నుండెను.

ఇక నా ప్రవేశమహోత్సవము. మిషను వాకిట దిగగనే నాలుగేండ్ల బాలుడొకడు ఎదురువచ్చి, తల వంచి, "షికమో" అనెను. భాష తెలియనిచోట ఎదుటివా డేమన్న దానినే వినయముగా తిరిగి యన్నచో తప్పుండదని నా శిష్యుడు చెప్పియుండెను గనుక, నేనును నడుము వంచి "షికమో" అంటిని. బాలుడు నన్నొక క్షణము ఎగాదిగా చూచి, మిక్కిలి గంభీరముగా "మరహబా" అనెను. వంటశాలయందలి ఆడువారందరు గిన్నెలు వదలి పకపక నవ్విరి. షికమో యనగా "మీ పాదములు పట్టుచున్నాను" అని పిన్నలు పెద్దలకు చేయు వందనమట. మరహబా యనగా పెద్దలు దానిని దయతో స్వీకరించుట. ఈ రీతిగా 62 ఏండ్ల ప్రాయమున నాలుగేండ్లవాని పాదములు పట్టి, ఆతని అనుగ్రహము పొంది, నేను సేవాధర్మమునందు అడుగు పెట్టితిని.

అది మొదలు పిల్లలు నన్ను "బాబూ" అని పిలువసాగిరి. నాకిది కొంత చిన్నతనముగా తోచెను. మన ఇండ్లలో బాబనగా ఒకరు చేయిపట్టుకొననిదే గడప దాటలేని పసివాడు గదా! అక్కడివారు మాటలాడు స్వాహిలీలో బాబు అనగా తాత యని తెలిసిన తరువాత మనస్సు కుదుటపడెను. వంటామెను అందరును "మామా" యందురు. తల్లి యని దాని అర్థము. ఆ పిలుపు వినబడినప్పుడెల్ల నేను చాలకాలము మీసములవానికొరకే వెదకుచుంటిని. ఎవ్వరైన తూలిపడినను, తుమ్మినను, బరువు మోయుచు కనబడినను, చూచినవారు "పోలే" యని సానుభూతి తెలుపుదురు. నేను దినమునకు పదిమార్లు రాయి తగిలి పడుచుండగా, పిల్లలు పరుగెత్తివచ్చి "పోలే బాబు, పోలే" అని లేవనెత్తుచుండిరి. ఏమియు పోలేదులే యని ఓదార్చుచున్నట్లే నా చెవికి వినబడుచుండెను. పోయినది నా గౌరవమొక్కటే.

మొదటి రెండు దినములు నన్ను కుర్చీలో కూర్చుండబెట్టి, పాలు పోసిన చాయి ఇచ్చుచుండిరి. పాఠములెప్పుడు ప్రారంభింపవలెనని యడిగిన, మిషను పెద్దయైన సన్యాసినియమ్మ చిరునవ్వుతో "బాడో" అనును. బాడో యనగా "ఇంకను కాలేదు" అని. ఆ భాషలో నే నత్యధికముగా విన్నమాట అదియే. నల్లబల్ల వచ్చినదా? బాడో. సుద్దముక్కలు? బాడో. నీ పాఠము కంఠస్థమైనదా? బాడో. పెండ్లికాని ఎనుబదేండ్ల ముసలివానిని వివాహమైనదా యని యడిగినను ఆతడు లేదనడు, బాడో అనును. లేదనుటకును కాలేదనుటకును గల భేదమును నేను 34 ఏండ్లు లెక్కల పాఠములలో గుర్తించియుండలేదు.

మూడవనాటి ఉదయమున మామా నా చేతి చాయిగ్లాసును తీసికొని, దాని స్థానమున ఒక పార నుంచెను. "అతిథికి రెండునాళ్ళు, మూడవనాడు చేతికి పార ఇమ్ము" అని స్వాహిలీలో ఒక సామెత యున్నదట. మన మూడునాళ్ళ ముచ్చటలో వారొకనాటిని కోసివేసిరి. వానలకు ముందు మొక్కజొన్న చేనును త్రవ్వవలెను. గీతలు గీసి లెక్కలు చెప్పుటకు వచ్చిన నేను, పదేండ్ల పిల్లల వరుసలో చివరివాడనై పార పట్టి త్రవ్వితిని. గంట గడచుసరికి అరచేతులు బొబ్బలెక్కెను. నడుము నాది కాదనిపించెను. ఐనను సాయంకాలమునకు నా చాలు పూర్తియైనదన్న తృప్తితో నిద్రించుచుంటిని. మూడవ వారమున ఒకనాడు కాలకృత్యమునకై చీకటితో లేచి చేనివైపు చూతునుగదా, ఇద్దరు బాలికలు నేను ముందటినాడు త్రవ్విన చాలును చడిచప్పుడు లేకుండ మొదటినుండి మరల త్రవ్వుచుండిరి. నేను వెనుకకు వచ్చి దుప్పటి ముసుగుపెట్టితిని. తెల్లవారిన తరువాత వారును చెప్పలేదు, నేనును అడుగలేదు.

ఈ శ్రమ వలన నా కొక భాషాప్రమాదము కూడ సంభవించెను. మన భాషయందు మాట తోకవైపు మారును, పుస్తకము పుస్తకములగును. వారి భాషలో మాట తలవైపు మారును. పుస్తకము ఒకటైన కితాబు, పెక్కైన వితాబు. ఇంతటి తలక్రిందుల వ్యాకరణము నభ్యసించువానికి ఒక అచ్చు అటునిటు పొరలుట వింతయా? "నిమెచోక" యనగా "అలసిపోతిని". "నిమెచేక" యనగా "నవ్వితిని". నేను ప్రతి సాయంకాలమును నడుము పట్టుకొని, ముఖము వ్రేలవేసికొని, మూలుగుచు సన్యాసినియమ్మ ఎదుట నిలిచి, "నవ్వితిని, అమ్మా, చాల నవ్వితిని" అని నివేదించుచుంటిని. ఆమె పదునైదు దినములు ఈ విషాదహాసమును ఓర్పుతో విని, పదునారవనాడు మాత్రము తాను నవ్వి, తప్పు దిద్దెను.

దీనికంటె విచారకరమైన దింకొకటి కలదు. ఒక ఆదివారము రాత్రి విందున్నదని పిల్లలు గంతులు వేయుచు, "కుకు! కుకు!" అని నాకు చెప్పిరి. ఎవరి ఆచారము వారిది, ఆక్షేపింపరాదని నన్ను నేను సమాధానపరచుకొని, కడుపునొప్పి యని చెప్పి ఉడికించిన చిక్కుడుగింజలతో సరిపెట్టుకొని పండుకొంటిని. కుకు యనగా కోడి యని మరునాడు తెలిసెను. నేనున్న మూడు నెలలలో కోడిని కోసినది రెండే పర్యాయములు. అందు సగము ఈ విధముగా నా వ్యుత్పత్తిజ్ఞానమునకు బలియయ్యెను.

తక్కిన దినములలో ఆహారము నా కేమియు కొత్తగా లేదు. ఉగాలి యని వారనునది మొక్కజొన్నపిండితో కెలికిన సంగటి. మ్చిచా యనునది సాక్షాత్తు మన తోటకూర. ఉదయమున ఇచ్చు ఊజి మన జావ. ఆ జావ ఒక్కొక్కనాడు ఉలేజిపిండితో కాచుదురు. ఉలేజి యనగా రాగి. నేను పొంగిపోయి, మా రాయలసీమ ఆహారము మీకును తెలిసినదే యని మామాతో గొప్పగా పలికితిని గాని, చింతపండు విషయమున చేయికాలినవాడను గనుక ఇంటికి వచ్చిన వెనుక విచారించితిని. రాగికిని తూర్పు ఆఫ్రికా మెట్టలే జన్మభూమియట. జొన్నకును ఆ ఖండమే తల్లియట. మనము పంపినదానిలో చెప్పుకొనదగినది మామిడి. తాతలనాటినుండి వారి ధాన్యము తిని పెరిగినవాడు వారి బిడ్డలకు అన్నము పెట్ట బయలుదేరినట్లున్నది నా యాత్ర.

కాలము సంగతి చెప్పనిదే ఈ ప్రసంగము పూర్తికానేరదు. ఎంతకును సుద్దముక్కలు రాకపోగా, నేనే పట్టణమునకు పోయి తెచ్చెదనని బయలుదేరి, బస్సెప్పుడని యడిగితిని. "సా కుమి నా మ్బిలి" అనిరి. సా గంట, కుమి పది, మ్బిలి రెండు: పన్నెండు గంటలు. లెక్కల మాస్టరును గదా, సంకలనములో పొరపడుదునా? మధ్యాహ్నము 12 గంటలకు ముందే గొడుగుతో బాటప్రక్క నిలిచితిని. ఒంటిగంట అయ్యెను; రెండయ్యెను. మేకలు కాచు పిల్లవాడొకడు ఆ ప్రదేశమున నీడ ఇంకొకటి లేనందున నా గొడుగు నీడకు వచ్చి కూర్చుండెను. వానివెంట రెండు మేకలును వచ్చెను. బస్సు పోయినదా? పోయినది. ఎప్పుడు? సా కుమి నా మ్బిలికే. నా కోపమునకు మేకలు బెదరి లేచెను.

తరువాత తెలిసినదేమనగా, వారి గంటలు సూర్యోదయముతో ఆరంభమగును. మనకు ఉదయము 7 గంటలైనప్పుడు వారికి ఒంటిగంట. మన 6 గంటలు వారికి 12. భూమధ్యరేఖకు ఆరు డిగ్రీలు మాత్రమే దక్షిణముననున్న ఆ తావున సూర్యుడు ఏడాది పొడవునను ఇంచుమించు ఒకే వేళకు లేచును గనుక ఆ లెక్క చక్కగా కుదురును. "ఇదెక్కడి తలక్రిందుల లెక్క!" అని ఆ రాత్రి దోమతెరలో పొరలుచుండగా, వసారాలో పంచాంగము ముందుంచుకొని కూర్చుండిన మా తాతగారు కన్నుల ఎదుట నిలిచిరి. దినమునకు 60 ఘడియలు, ఘడియకు 24 నిమిషములు, లెక్క సూర్యోదయాదిగా! ఆయన ప్రొద్దు పొడిచిన ఇన్ని ఘడియలకు అని ముహూర్తము చెప్పునప్పుడు నేను నా చేతిగడియారము చూపి పరిహాసము చేసినవాడను. తాత లెక్కను మరచిన నన్ను, ఆ లెక్క మరవనివారు తాతా యని పిలుచుచున్నారు.

పాఠములు ఎట్టకేల కారంభమయ్యెను. ఆ దేశపు మొదటి రాష్ట్రపతియైన జూలియస్ న్యెరేరె బడిపంతులుగా పనిచేసినవాడు; షేక్స్పియరు నాటకములు రెంటిని స్వాహిలీలోనికి అనువదించినవాడు; జాతియంతయు ఆయనను మ్వాలిము, అనగా ఉపాధ్యాయుడు, అనియే పిలుచును. అట్టి దేశమున ఉపాధ్యాయునకు లభింపగల మర్యాద నూహించుకొని నేను ఏడవ ఎక్కము నెత్తుకొంటిని. రెండవ చరణమునకే వెనుకవరుస బాలిక యొకతె దానికి రాగము కట్టెను. మూడవ చరణమునకు మగపిల్లలు మంద్రమున అందుకొనిరి. గోగోవారు బహుస్వరగానమునకు ప్రసిద్ధులు. నలుగురు చేరిన నాలుగు గొంతులు నాలుగు త్రోవల పోయి ఒకచోట కలియవలసినదే. ఆరు అనుటకు వారు సీత యందురు గనుక, ఆరు వచ్చిన ప్రతిమారును సీత పేరు వినబడి నాకు హరికథాస్మరణ కలుగుచుండెను. ఏడవ ఎక్కము ముగియుటకు నలువది నిమిషములు పట్టెను. అందు ఇరువది నిమిషములు నృత్యము. నా ప్రణాళికలో దానికి కేటాయించినది ఎనిమిది నిమిషములు. నిశ్శబ్దము, నిశ్శబ్దము అని నేను బల్ల చరచితిని. ఆ చరచుటను వారు తాళముగా గ్రహించిరి.

పరీక్షనాటి శోభను ఏమని వర్ణింతును? ఏడెనిమిదు లెంతయని వ్రాయవలసిన బాలుడు ఏడొకట్లనుండి పాడుకొనుచు రావలయును. పాడినచో ప్రక్కవాడు శ్రుతి కలుపవలయును. శ్రుతి కలిసినచో అడుగు పడవలయును. పరీక్షాశాల పెండ్లిపందిరియయ్యెను. తీరా కాగితములు దిద్దగా ఏడవ ఎక్కములో తప్పిన బిడ్డ ఒక్కరును లేరు. మా ఊరి బడిలో బెత్తముతో 34 ఏండ్లు ప్రయత్నించినను నేనీ ఫలితమును పొందియుండలేదు.

సాయంకాలముల నైనను నా పాండిత్యము నిలుచునేమో యని, చెట్టుక్రింద పిల్లలాడు బావో యను ఆటకు కూర్చుంటిని. అది మన వామనగుంటలకు అన్నగారు: మనకు 14 గుంటలు, దానికి నాలుగు వరుసలలో 32 గుంటలు, 64 గింజలు. మనము చింతగింజలతో ఆడుదుము. అక్కడ తరచుగా గచ్చకాయలు వాడుదురు. మా అవ్వతో వామనగుంటలాడి పెరిగిన నాకు ఇది యొక లెక్కయా యనుకొంటిని. తొమ్మిదేండ్ల బాలిక నన్ను వరుసగా పందొమ్మిది ఆటలలో ఓడించెను. ఇరువదవ ఆట నేను గెలిచితిని. ఆమె గింజలు పంచుటలో కావలెననియే ఒక గుంట తప్పించినదని అనుమానించుచున్నాను.

నా ప్రతిష్ఠకు కడపటి ఆశ్రయమైనది బోరింగు పంపు. మిషను వాకిటి చేతిపంపును చూడగనే గుర్తించితిని. అది 1970లలో యూనిసెఫ్ సహాయముతో మన దేశమున రూపొందిన ఇండియా మార్క్ 2. ఒకనాడది గాలిపీల్చి నీరు రానీయక మొరాయించెను. ఇది మా దేశపు యంత్రము, తొలగుడు అని అందరిని దూరముగా నిలిపి, పిడిని విప్పి, గొలుసును పరికించి, నూనె పోసి, చెవి యొగ్గి విని, రెండు గంటలు కుస్తీపట్టితిని. విప్పినవానిలో రెండు మరలు ఇసుకలో పడిపోయెను. అప్పుడు పల్లెనుండి ఒక ఇల్లాలు చంకలో బిడ్డతో, భుజమున రెంచీల సంచితో వచ్చెను. బిడ్డను నా చేతి కిచ్చెను. ముగ్గురు స్త్రీల సాయముతో లోపలి కడ్డీలను వరుసగా పైకి తీసి, అరిగిన వాషరును మార్చి, తిరిగి దించి, ఇసుకలోని మరలను కూడ ఏరి బిగించెను. పంపుల మరమ్మతు నేర్చి, ఆ చుట్టుప్రక్కల పంపులను ఆమెయే చూచుకొనుచుండునట. ఆ సమయమంతయు నాకు అప్పగింపబడిన పని బిడ్డ ఏడ్వకుండ చూచుట. ఆ బిడ్డ మూడు సార్లు ఏడ్చెను.

నవంబరు నెలలో నాకు జ్వరము వచ్చెను. ఆరోగ్యకేంద్రమునకు నన్ను సైకిలుపై కూర్చుండబెట్టి తోసికొని పోయినవారు పన్నెండేండ్ల బాలురిద్దరు. ఐదు దినములు మంచము దిగలేదు. ఆ ఐదు దినములును పిల్లలు వంతులువారీగా కాపలా యుండి, తడిగుడ్డ వేయుచు, ఊజి త్రాగించుచు, ఆవరణములోని చెట్టు చింతకాయలే నానబెట్టి బెల్లము లేని పానకము ఇచ్చుచుండిరి. ఒకరాత్రి నేను ఒళ్ళు తెలియక "అమ్మా" యని మూలిగితినట. పిలిచినది తననే యనుకొని మామా లాంతరుతో వచ్చి తెల్లవారువరకు తలాపున కూర్చుండెనట. నేను కన్ను తెరచుసరికి ఏడేండ్ల పిల్లవాడొకడు నా కాలివైపు కూర్చుండి, నన్ను నిద్రపుచ్చుటకు ఏడవ ఎక్కమును జోలగా పాడుచుండెను.

జ్వరము తగ్గి భోజనశాలకు పోయిన రాత్రి ఒక సంగతి గమనించితిని. ఆ మిషనులో పిల్లలు 41 మంది. వడ్డనకు ముందు పెద్దబాలిక యొకతె పళ్ళెములు లెక్కపెట్టుట ఆచారము. ఆమె నలువది యొకటివరకు లెక్కించి, నా వైపు చూచి, "అరొబైని నా మ్బిలి" అని ముగించెను. నలువది రెండు. సన్యాసినియమ్మకును మామాకును పళ్ళెములు వేరుగా నున్నవి. వానిని ఎవ్వరును లెక్కపెట్టరు. నా పళ్ళెము మాత్రము పిల్లల వరుసలోనిది. నేనామెను ఎప్పటినుండి ఇట్లు లెక్కించుచున్నావని యడిగితిని. నేను షికమో చెప్పిన దినమునుండియేయట.

శ్రోతలారా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను మూడు నెలలుగా లోలోపల మండిపడుచుండిన సంగతులన్నియు, సుద్దముక్కలు రాకపోవుట, బస్సు పోవుట, పాట ఆగకపోవుట, పంపు చేతికందకపోవుట, ఇవన్నియు ఇచ్చుటకు వచ్చినవానికి ఇచ్చుటకు సందు దొరకలేదన్న కోపమే గాని వేరు గావు. అక్కడివారు నన్ను తొలినాడే సరిగా కొలిచి, నడక రాని, మాట రాని, వేళ తెలియని బిడ్డ యొకటి వచ్చినదని గుర్తించి, పనికొక పార ఇచ్చి, తప్పిన చాలును చాటుగా సవరించి, ఒక ఆట గెలిపించి, నన్ను పెంచుకొనుచుండిరి. వారు బాబూ యని పిలిచినప్పుడు అది ఏ భాషలోని మాటయో నేనే పొరబడితినేమో!

నేను బయలుదేరవలసిననాడు సా కుమి నా మ్బిలికి, అనగా మన 6 గంటలకు, సరిగా బాటప్రక్క నిలిచితిని. బస్సు 9 గంటలకు వచ్చెను. ముందటిరాత్రి తొలివాన పడి చేను తడిసియుండెను. పిల్లలు నాతో నిలుచుండియు మాటిమాటికి చేనివైపే చూచుచుండిరి. ఏడు నెలలు ఆకాశమువైపు చూచి "బాడో" అనుకొన్నవారు, ఆ మాటలో నిరాశను గాక విత్తనమును దాచుకొందురని అప్పుడు నాకు తెలిసెను. గ్రాఫుకాగితము సంగతి యందురా? దానిని ముక్కలు ముక్కలుగా మడచి పిల్లలు ఎప్పుడో పడవలు చేసికొనిరి. నీరు వచ్చువరకు దాచియుంచిరి.

ఇల్లు చేరగనే మా ఇంటియామె, "మూడు నెలలు ఆడ ఏం చేసినారు?" అని యడిగెను. ఏమి చెప్పుటకును తోచక, "పెరిగినాను" అంటిని. ఆమె నా బుగ్గలు, నడుము పరిశీలించి, "యాడ పెరిగినారు? సగమై వచ్చినారు కదా!" అనెను. పెట్టె విప్పగా ఆమె కట్టిన రెండు కిలోల చింతపండు కట్టినట్లే యుండెను. దాని ప్రక్కన మామా కట్టియిచ్చిన ఇంకొక మూట. మా ఇంటియామె రెంటిని వాసన చూచి, ఒకే జాడీలో కలిపి పెట్టెను. నిన్న రాత్రి పులుసు బాగున్నది. ఏ మూటలోనిదో నేనడుగలేదు.